అరవై కిలోమీటర్ల దారి, పన్నెండు వారాల మందు

వెనక వరసలో, కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి. 2019 జనవరి. చురాచాంద్‌పూర్ బజారులో పొగమంచు ఇంకా విడలేదు. ఇంఫాల్ వెళ్లే వింగర్ వ్యాను డ్రైవరు ఇంజను ఆపకుండానే, మిగిలిన ఒక్క సీటు కోసం కేకలేస్తున్నాడు. ఆ సీటు మీ పక్కదే. అందులోకి వచ్చి కూర్చున్న మనిషికి నలభై ఏడేళ్లు. మందపాటి జాకెట్టు, మెడకు మఫ్లరు, ఒళ్లో చేనేత సంచి. సంచిలో పాలిథిన్ కవరులో చుట్టిన ఫైలు, నీళ్ల సీసా, చేతిరుమాలులో బిగించి కట్టిన మాత్రల డబ్బా. వ్యాను గోతిలో పడ్డప్పుడల్లా మాత్రలు గలగలమనకుండా ఆ రుమాలు. డబ్బా మీది లేబుల్‌ను గోటితో గీకేశాడు. అడుగున మిగిలిన చిన్న కాగితం ముక్క మీద ‘హైదరాబాద్’ అని మీకు కనిపిస్తుంది.

ఇతనికి పేరు పెట్టను. ఇది ఒక్కడి కథ కాదు. ఆ కొండల్లో, ఆ లోయలో అతని ఈడు వాళ్లు ఎందరో ఇదే ఫైలు పట్టుకుని ఇదే దారిన వెళ్లారు. వాళ్లందరి రోజుల్ని కలిపి ఒక్క మనిషి పక్కన మిమ్మల్ని కూర్చోబెడుతున్నాను. ఫైల్లో రెండు జబ్బులున్నాయి. ఒకటి హెచ్‌ఐవీ. దానికి వాడుతున్న మందు పనిచేయడం మానేసిందని అనుమానం. రెండోది హెపటైటిస్ సి.

వ్యాను టిడ్డిమ్ రోడ్డెక్కింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సేనలు ఇంఫాల్ మీదికి వచ్చిన దారుల్లో ఇదొకటి. మోయిరాంగ్ దాటుతుంటే కుడివైపు మంచులో లోక్‌తాక్ సరస్సు లీలగా కనిపిస్తుంది. అతను అటు చూడడం లేదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఈ దారంతా అతని మనసు 1990లోనే తిరుగుతుంది. మీరూ కాసేపు అక్కడికి రండి.

బడి వెనక ఖాళీ గది. కొవ్వొత్తి వెలుగులో నలుగురు కుర్రాళ్లు. చెంచాలో ‘నంబర్ ఫోర్’, అంటే బర్మా సరిహద్దు దాటి మోరే మీదుగా వచ్చే తెల్ల హెరాయిన్. ఆ ఏళ్లలో అది ఇక్కడ సులువుగా దొరుకుతుంది. దొరకనిది సిరంజీ. సూది ఉన్నవాడు దొరతో సమానం. సిరంజీ లేకపోతే ఇంకు డ్రాపర్‌కే సూది బిగిస్తారు. చెంచాలో పొడి కరిగింది, చిన్న దూది ఉండలోంచి పీల్చారు. మొదటివాడు పొడుచుకుని, గ్లాసులో నీళ్లతో ఒకసారి కడిగి, పక్కవాడికి ఇచ్చాడు. ఆ గ్లాసు నీళ్లు అలా గులాబీ రంగుకు తిరుగుతుండడం మీకు కనిపిస్తోంది. నలుగురిదీ అదే చెంచా, అదే దూది, అవే నీళ్లు.

1989 సెప్టెంబరు దాకా మణిపూర్‌లో మాదకద్రవ్యాల సూదులు వాడేవారి రక్తంలో హెచ్‌ఐవీ కనపడలేదు. ఆ తరవాత ఆరు నెలలు తిరిగేసరికి పరీక్షించిన వారిలో సుమారు సగం మందికి ఉంది. ఇంత వేగంగా ఒక ఊరినుంచి ఇంకో ఊరికి పాకిన ఉదాహరణలు ప్రపంచంలోనే కొద్ది. అదే 1989లో అమెరికాలో మైకేల్ హౌటన్ బృందం హెపటైటిస్ సి వైరస్‌ను మొదటిసారి గుర్తించింది. అప్పటిదాకా దాన్ని ‘ఏ కాదు, బి కాదు’ అని మాత్రమే పిలిచేవారు. అంటే ఈ గదిలోని నలుగురిలోకి రెండోది దిగేనాటికి దాన్ని పట్టుకునే రక్తపరీక్ష ఇంకా పురిట్లోనే ఉంది. ఎవరూ వెతకలేదు. వెతకడానికి అక్కడ సాధనం కూడా లేదు.

ఆ రెండింటిలో మొండిది హెపటైటిస్ సి. సిరంజీలో మిగిలిన రక్తపు తడిలో అది అరవై రోజులకు పైగా బతికి ఉండగలదని ప్రయోగశాలలో తేలింది. కడిగిన నీళ్లలో, చెంచాలో, దూదిలో కూడా నిలుస్తుంది. అందుకే సూదులు పంచుకున్న చోట హెచ్‌ఐవీ ఉన్నవాడికి హెపటైటిస్ సి లేకపోవడమే వింత. 2000లో మణిపూర్ గురించి వెలువడిన ఒక అధ్యయనంలో సూదుల ద్వారా హెచ్‌ఐవీ సోకినవారిలో పదింట తొమ్మిది మందికి అదీ ఉన్నట్టు తేలింది. మన ఆంధ్ర, తెలంగాణల్లో హెచ్‌ఐవీ ఎక్కువగా లైంగిక సంబంధాల వల్ల వ్యాపించింది. హెపటైటిస్ సి ఆ దారిన అంత తేలిగ్గా పోదు, దానికి రక్తం నుంచి రక్తానికి దారి కావాలి. కాబట్టి మన ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచే మందుల చికిత్స) కేంద్రాల్లో ఈ రెండూ కలిసి కనపడడం తక్కువ. ప్రపంచం మొత్తం మీద చూస్తే ఈ రెండూ ఉన్నవారు సుమారు 23 లక్షల మందని అంచనా. వారిలో సగానికి పైగా సూదులు వాడినవారే.

ఆ గదిలోని నలుగురిలో మీ పక్కనున్న ఇతనొక్కడే మిగిలాడు.

బిష్ణుపూర్ దగ్గర వ్యాను ఆగింది. తనిఖీ. అందరూ దిగి, సంచులు తెరిచి నిలబడాలి. జవాను రుమాలు మూట విప్పి డబ్బా ఊపి చూస్తాడు.

“ఏం మాత్రలివి?”

“గ్యాస్ ట్రబుల్‌కి సార్.”

జవాను మూట తిరిగి చేతిలో పెట్టాడు. ఈ అబద్ధం అతను పన్నెండేళ్లుగా చెబుతున్నాడు. జవాన్లకు, వ్యానులో చుట్టాలకు, చర్చిలో పెద్దలకు, కొన్నాళ్లపాటు సొంత అత్తగారికి కూడా. ఎక్కడైనా రాత్రి ఉండాల్సి వచ్చి, పదిమందిలో డబ్బా తీయలేక ఆ పూట మాత్ర మానేసిన సందర్భాలు అతనికి గుర్తున్నాయి. గుర్తులేనివి ఇంకా ఎక్కువ. రక్తంలో వైరస్ ఆ పూటల్ని ఒక్కటీ వదలకుండా వాడుకుంది.

లాంఫెల్‌లో రిమ్స్ ఆసుపత్రి. దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న ఎనిమిది కేంద్రాల్లో మొదలైతే, అందులో ఇదొకటి. ఎనిమిదిన్నరకే బెంచీలు నిండిపోయాయి. గోడవారన నిలబడండి. ఇక్కడ ఎవరూ ఎవరి మొహమూ సూటిగా చూడరు. కానీ గమనించండి, తెలిసినవాళ్లే ఎక్కువ. కనుబొమ్మలతో పలకరించుకుంటారు. తూకం మిషను మీద అతను ఎక్కాడు. నర్సు బరువు రాసి, కౌన్సెలర్ గదివైపు చూపించింది.

కౌన్సెలర్ కూడా ఈ జబ్బుతో బతుకుతున్న మనిషే. భర్తను తొంభైల్లోనే పోగొట్టుకుంది. అతన్ని ‘తామో’ అంటుంది, అంటే అన్నయ్య. అతను ఆమెను ‘ఇచే’ అంటాడు, అక్కయ్య. ఇద్దరిలో ఎవరు పెద్దో ఇద్దరికీ పట్టదు.

“డబ్బా ఇవ్వండి తామో.”

మాత్రలు బల్ల మీద పోసి, స్కేలుతో రెండేసి జరుపుతూ లెక్కపెట్టింది. లెక్క సరిపోయింది. మూడు నెలలుగా సరిపోతూనే ఉంది. నిరుడు అక్టోబరులో వైరల్ లోడ్ పరీక్షలో మిల్లీలీటరు రక్తానికి 18,400 కాపీలు తేలాయి. వెయ్యి దాటితే అనుమానించాలి. అలాగని వెంటనే మందు మార్చేయరు. నెలకోసారి పిలిచి, ఎక్కడ పూటలు తప్పుతున్నాయో కనుక్కుని, వాటిని సరిచేసి, మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేస్తారు. మాత్ర సరిగ్గా పడితే లోడ్ దిగిపోవాలి. దిగితే మందు ఇంకా పనిచేస్తున్నట్టు. నిన్న వచ్చిన రెండో రిపోర్టు ఆమె డ్రాయర్లో ఉంది. 15,900.

“ఒక్క పూట కూడా తప్పలేదు ఇచే. సెల్‌ఫోన్లో అలారం పెట్టుకున్నాను.”

“నాకు తెలుసు.”

“మరి?”

ఆమె జవాబు చెప్పేలోగా మీరు అతని రక్తంలోకి రండి. జవాబు అక్కడుంది.

హెచ్‌ఐవీ తన ఆర్‌ఎన్‌ఏను మన కణంలో డీఎన్‌ఏగా తిరగరాసుకుంటుంది. ఆ రాత రాసే ఎంజైము ఒకసారి రాసింది మళ్లీ చూసుకోదు. వైరస్ మొత్తం రాత పదివేల అక్షరాలకు కాస్త తక్కువ. మందు లేని ఒంట్లో రోజుకు వందల కోట్ల కొత్త వైరస్‌లు పుడతాయి. కాబట్టి ఎక్కడెక్కడ ఒక్క అక్షరం తప్పు పడడానికి వీలుందో అక్కడల్లా రోజూ తప్పు పడుతూనే ఉంటుంది. చాలా తప్పులు వైరస్‌ను చంపేస్తాయి. ఏ ఒకటో రెండో మాత్రం మందునుంచి దాన్ని కాపాడతాయి. ఒకే మందు వేస్తే, దాన్ని తట్టుకునే రకం ముందే సిద్ధంగా ఉంటుంది. మూడు మందులు ఒకేసారి వేస్తే, మూడింటినీ తట్టుకునే మూడు తప్పులు ఒకే వైరస్‌లో ఒకేసారి పడాలి. అది దాదాపు జరగదు. ఏఆర్‌టీ నిలబడింది ఈ లెక్క మీదే.

ఇతని మందు 2006లో మొదలైంది. స్టావుడిన్, లామివుడిన్, నెవిరాపిన్. స్టావుడిన్‌తో పాదాలు మండేవి, బుగ్గలు లోపలికి పోయాయి. మొహం చూసి ఊళ్లో వాళ్లు జబ్బు పోల్చేస్తారని మఫ్లరు అప్పుడే మొదలైంది. అయినా బతికాడు. 2011లో మణిపూర్ హైవేలు నెలల తరబడి దిగ్బంధంలో చిక్కుకున్నాయి. గ్యాస్ బండ, పెట్రోలు, బియ్యం, అన్నీ కరువే. బళ్లు తిరగలేదు. అతను కొండమీది ఊళ్లో చిక్కుపడ్డాడు. మాత్రలు అయిపోయాయి. అందరూ అనుకున్నట్టే అతనూ అనుకున్నాడు: ఎలాగూ మూడూ కలిసే ఆగాయి కదా, మళ్లీ మూడూ కలిసే మొదలెడితే సరిపోతుందని.

మూడూ కలిసి ఆగలేదు. డబ్బా ఖాళీ అయిన రోజున మూడూ ఒకే మాత్రలోనే ఉన్నాయి, కానీ రక్తంలోంచి ఒకే రోజున పోవు. స్టావుడిన్, లామివుడిన్ ఒకటి రెండు రోజుల్లో వెళ్లిపోతాయి. నెవిరాపిన్ మాత్రం వారం, రెండు వారాలు కొంచెం కొంచెంగా తగ్గుతూ ఉండిపోతుంది. ముగ్గురు కాపలా ఉన్న చేలోంచి ఇద్దరు వెళ్లిపోయి, మూడోవాడు నిద్రకు తూలుతున్నట్టు. అణిగి ఉన్న వైరస్ లేచేసరికి దానికి ఎదురుగా ఉన్నది ఒకే ఒక్క మందు, అదీ అరకొరగా. నెవిరాపిన్‌ను దెబ్బతీయడానికి ఒక్క మార్పు చాలు. ఆ రాత రాసే ఎంజైములో 103వ స్థానంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం పోయి ఆస్పరజిన్ రావాలి, అంతే. డాక్టర్లు దాన్ని కె103ఎన్ అంటారు. అది నెవిరాపిన్‌తో పాటు దాని తోబుట్టువు ఎఫవిరెంజ్‌నూ పనికిరాకుండా చేస్తుంది. తరవాత్తరవాత అలా తప్పిన పూటల్లో 184వ స్థానం కూడా మారితే లామివుడిన్ బలం పోతుంది.

అంతకంటే నన్ను బాధించేది ఆ తరవాత జరిగింది. హైవే తెరుచుకున్నాక అతను మళ్లీ మాత్రలు మొదలెట్టాడు, బుద్ధిగా వాడాడు. స్టావుడిన్ తీసేసి టెనోఫోవిర్, నెవిరాపిన్ తీసేసి ఎఫవిరెంజ్ ఇచ్చారు. చేతికి వచ్చింది మూడు మందుల మాత్రే. లోపల పనిచేస్తున్నది ఒకటో, ఒకటిన్నరో. ఎవరికీ తెలియలేదు. ఎందుకంటే అప్పట్లో అందరికీ చేసిన పరీక్ష సీడీ4 అనే రోగనిరోధక కణాల లెక్క. వైరస్ పెరిగిన చాలాకాలానికి గాని సీడీ4 పడిపోదు. ఏడాదికోసారి అందరికీ వైరల్ లోడ్ చూడడమన్నది మన జాతీయ కార్యక్రమంలో 2018 నుంచే విస్తరించింది. అంతవరకూ ఏడేళ్లపాటు అతను ఎండలో వానలో అరవై కిలోమీటర్లు వచ్చి, వరసలో నిలబడి, సగం చచ్చిన మందును భక్తిగా మింగాడు. ఇలాంటి మనిషి ఫైలు మీద ‘మందు సరిగా వాడలేదు’ అని ఎర్ర సిరాతో రాయడం అన్యాయం. దారి మూసింది అతను కాదు. పరీక్ష ఆలస్యం చేసిందీ అతను కాదు.

కౌన్సెలర్ రిపోర్టు అతని ముందు పెట్టింది.

“మీ తప్పు కాదు తామో. మందు పాతబడింది. డాక్టర్ గారి దగ్గరికి పదండి.”

డాక్టర్ గదిలో ఒకే కుర్చీ ఉంది. మీరు తలుపు దగ్గర నిలబడండి. డాక్టర్ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకున్నారు. కుడివైపుది హెపటైటిస్ సి ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. యాంటీబాడీ ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, కొందరిలో వైరస్ దానంతట అదే పోతుంది, హెచ్‌ఐవీ ఉన్నవారిలో అది ఇంకా అరుదు. అందుకే రెండో పరీక్ష. ఇతనికి వైరస్ ఉంది. సుమారు మూడు దశాబ్దాలుగా ఉన్నట్టే.

ఈ మూడు దశాబ్దాల్లో కాలేయం ఎంత చెడింది? బయాప్సీ అక్కర్లేదు, ఖరీదైన స్కానూ అక్కర్లేదు. డాక్టర్ చీటీ వెనక లెక్క వేస్తున్నారు, చూడండి. కాలేయ ఎంజైము ఏఎస్‌టీ 96. మామూలు గరిష్ఠం 40. భాగిస్తే 2.4. ప్లేట్‌లెట్లు లక్షా యాభై వేలు, అంటే 150. 2.4ను 150తో భాగించి నూటితో హెచ్చిస్తే 1.6. రెండు దాటితే సిరోసిస్ అనుకోవాలి. వయసు కలిపి వేసే ఇంకో లెక్క ఉంది, అందులో 3. అక్కడ గీత 3.25. రెండింట్లోనూ గీతకు ఇవతలే ఉన్నాడు, కానీ గీత దగ్గరికి వచ్చేశాడు. హెచ్‌ఐవీ తోడైతే కాలేయం గట్టిపడడం బాగా వేగమవుతుంది. ఇంకో అయిదేళ్లు ఆగి ఉంటే ఈ చీటీ మీద వేరే అంకె ఉండేది.

“మందు దొరుకుతుందా డాక్టర్ గారూ? మా వాడొకడు ఇంజెక్షన్లకు పొలం అమ్మాడు.”

ఆ ఇంజెక్షన్ల కథ ఆ గదిలో అందరికీ తెలుసు. పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్. వారానికొకటి చొప్పున ఆరు నెలలో, ఏడాదో. ఖర్చు లక్షల్లో. సూది పడ్డ రాత్రి జ్వరం, ఒళ్లు విరిచేసే నొప్పులు, కొందరికి బతుకు మీదే విరక్తి. తోడుగా రిబవిరిన్ మాత్రలు. అవి హెచ్‌ఐవీ మందుల్లో జిడోవుడిన్‌తో కలిస్తే రక్తం పడిపోతుంది, డైడనోసిన్‌తో కలిస్తే ప్రాణానికే ముప్పు. ఇంత చేసినా హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో చాలామందికి నయం కాలేదు. పొలం పోయింది, వైరస్ ఉండిపోయింది.

2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్‌కు అనుమతి వచ్చింది. నోటితో వేసుకునే మాత్ర. పన్నెండు వారాలకు అక్కడ పెట్టిన ధర 84,000 డాలర్లు, ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు. ఇంఫాల్లో ఆ వార్త విన్నవాళ్లు ఆ మాత్ర తమకోసం పుట్టింది కాదనే అనుకున్నారు. 2014 సెప్టెంబరులో ఆ మాత్రను అమ్మే గిలియడ్ కంపెనీ కొన్ని భారతీయ కంపెనీలకు తయారీ లైసెన్సులిచ్చింది. వాటిలో హైదరాబాద్‌కు చెందిన హెటిరో ఉంది. హైదరాబాద్ కంపెనీయే అయిన నాట్కో మొదట్లో లైసెన్సు తీసుకోకుండా పేటెంటును సవాలు చేసి, నేపాల్‌లో తన జెనెరిక్‌ను విడుదల చేసి, 2015 మార్చిలో లైసెన్సు ఒప్పందంలోకి వచ్చింది. పేటెంటును ఎదిరించిన వాళ్లలో హెచ్‌ఐవీతో బతుకుతున్న వారి సంఘాలు కూడా ఉన్నాయి. ధర వేల డాలర్ల నుంచి వేల రూపాయల్లోకి దిగింది. మణిపూర్‌లో మాదకద్రవ్యాలు వాడినవారి సంఘాలు వీధిలోకొచ్చి, ఆ వేల రూపాయలు కూడా మా దగ్గర లేవని అడిగాయి. 2018 జూలై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలై, మందు ఉచితమైంది. ఇతని సంచిలోని లేబుల్ ముక్క మీద మన ఊరి పేరు ఉండడం యాదృచ్ఛికం కాదు. ఈ దేశంలోనూ, ఆఫ్రికాలోనూ హెచ్‌ఐవీతో బతికేవారు మింగే మాత్రల్లో పెద్ద భాగం మన పారిశ్రామికవాడల్లో తయారైనదే.

“దొరుకుతుంది. డబ్బు కట్టక్కర్లేదు. కానీ ఇవాళే ఇవ్వను,” అన్నారు డాక్టర్.

అతని మొహం వాడిపోయింది. ఇలాంటి ‘ఇవాళ కాదు’లు అతను చాలా విన్నాడు. మందు మానేశావా, అయితే తరవాత చూద్దాం. సూది మళ్లీ పట్టావా, అయితే తరవాత చూద్దాం. ఈసారి కారణం వేరే. డాక్టర్ కుర్చీ దగ్గరికి లాక్కుని వివరంగా చెప్పారు. ముందు హెచ్‌ఐవీ మందు మార్చాలి. అది కుదుటపడ్డాక కాలేయం మందు. రెండూ ఒకేరోజు మొదలెడితే, వాంతి వచ్చినా కళ్లు పచ్చబడినా దేనివల్లో తెలియదు.

ఏ స్థానాల్లో వైరస్ మారిందో చూపించే పరీక్ష ఉంది, కానీ ఖరీదైనది. మొదటి వరస మందులు విఫలమైన ప్రతివారికీ కార్యక్రమంలో అది చేయరు. వాడిన మందుల చరిత్ర చూసి, నిపుణుల కమిటీ అనుభవంతో నిర్ణయిస్తుంది. కమిటీ నిర్ణయం వచ్చింది: జిడోవుడిన్, లామివుడిన్, వాటికి తోడు అటాజనవిర్‌ను రిటోనవిర్‌తో కలిపి. హెపటైటిస్ బి కూడా ఉండి ఉంటే టెనోఫోవిర్‌ను తీయకూడదు, తీస్తే ఆ వైరస్ విజృంభిస్తుంది. పరీక్షలో బి లేదని తేలింది. హిమోగ్లోబిన్ చూశారు, జిడోవుడిన్‌ను తట్టుకునేంత ఉంది.

ఫార్మసీ కిటికీ దగ్గరికి రండి. ఫార్మసిస్టు కొత్త డబ్బాలు ఇస్తూ రెండు మాటలు గట్టిగా చెప్పాడు. అటాజనవిర్ అన్నం తిన్నాకే వేసుకోవాలి. కళ్లు పచ్చబడవచ్చు, భయపడి మానేయొద్దు. ఆ మందు బిలిరుబిన్‌ను కాస్త నిలబెట్టేస్తుంది, దానివల్ల కాలేయానికి హాని లేదు. మామూలు మనిషికైతే ఇది చిన్న విషయం. హెపటైటిస్ సి ఉన్నవాడికి, స్నేహితులు కళ్లు పచ్చబడి పొట్ట ఉబ్బి పోవడం చూసినవాడికి, అద్దంలో పచ్చని కళ్లు చూసి మాత్ర ఆపకుండా ఉండడం చిన్న విషయం కాదు. మూడు వారాలకు ఇతని కళ్లు పచ్చబడ్డాయి కూడా. భార్య ఏడ్చింది. అతను ఫోను చేసి అడిగాడు, మళ్లీ మాత్ర వేసుకున్నాడు.

జూలైకి వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనపడలేదు. అప్పుడు రెండో మందు. సోఫోస్‌బువిర్ 400 మిల్లీగ్రాములు, డక్లటాస్విర్. ఈ డక్లటాస్విర్ మామూలు మోతాదు 60. పాత ఎఫవిరెంజ్ మీదే ఉండి ఉంటే అది దీన్ని త్వరగా ఖర్చు చేసేస్తుంది కాబట్టి 90 ఇవ్వాలి. రిటోనవిర్ కలిసిన అటాజనవిర్ దీన్ని ఒంట్లో నిలిపేస్తుంది కాబట్టి 30 చాలు. క్షయ కూడా ఉండి రిఫాంపిసిన్ వాడుతుంటే ఈ రెండు మాత్రలూ ఇవ్వకూడదు, క్షయ మందు అయ్యేదాకా ఆగాలి. హెచ్‌ఐవీ, క్షయ, కాలేయం మూడూ మూడు వేర్వేరు గదుల్లో, మూడు వేర్వేరు రిజిస్టర్లలో ఉన్న ఆసుపత్రిలో ఈ 30కీ 90కీ మధ్య తేడా పట్టుకోవాల్సిన బాధ్యత ఎవరిది? ఇక్కడ ఫార్మసిస్టు రెండు పుస్తకాలూ పక్కన పెట్టుకుని చూస్తాడు కాబట్టి సరిపోయింది. ఈ పని ఒక మనిషి శ్రద్ధ మీద వేలాడకూడదు.

హెపటైటిస్ సి కూడా తప్పులు రాసే వైరస్సే. రోజుకు పుట్టే సంఖ్యలో హెచ్‌ఐవీని మించుతుంది కూడా. అయినా దీన్ని పన్నెండు వారాల్లో తుడిచేయవచ్చు, హెచ్‌ఐవీని ముప్పై ఏళ్లయినా తుడవలేం. హెచ్‌ఐవీ తన రాతను మన కణం డీఎన్‌ఏలోనే కుట్టేస్తుంది. నిద్రపోయే కణాల్లో అది దాక్కుంటుంది, 2011లో పుట్టిన నిరోధక రకం కూడా అక్కడే భద్రంగా ఉంటుంది, ఆ పాత మందు మళ్లీ వేస్తే మళ్లీ లేస్తుంది. హెపటైటిస్ సికి అలాంటి దాపు లేదు. కొత్త కాపీలు రాయడం ఆపేస్తే, ఉన్నవి అరిగిపోతాయి, అంతే. మందుకు లొంగని రకాలు ఇందులోనూ ఉన్నాయి, ముఖ్యంగా ఈశాన్యంలో ఎక్కువగా కనిపించే మూడో జీనోటైపులో. అయినా పూర్తి కోర్సు వాడినవారిలో పదింట తొమ్మిది మందికి పైగా నయమవుతోంది, హెచ్‌ఐవీ ఉన్నా కూడా. ఇంత తేలిగ్గా పోయేదాన్ని, ఇరవై ముప్పై ఏళ్లు హెచ్‌ఐవీని గెలుచుకుంటూ వచ్చిన మనిషి కాలేయంలో వదిలేసి, అతన్ని దానితో పోగొట్టుకోవడం క్షమించరానిది. తొంభైల తరంలో ఏఆర్‌టీ అంది బతికినవాళ్లలో ఎందరో అలాగే పోయారు.

అక్టోబరులో మాత్రలు అయ్యాయి. మరో పన్నెండు వారాలు ఆగి, 2020 జనవరిలో రక్తం ఇచ్చాడు. కార్ట్‌రిడ్జ్‌లో నమూనా వేసి మిషనులో పెడితే రెండు గంటల్లోపు ఫలితం. బెంచీ మీద అతని పక్కన కూర్చోండి. టీ తాగాడు, ఇంకో టీ తాగాడు. కౌన్సెలర్ కాగితంతో బయటికొచ్చింది. వైరస్ లేదు.

అతను అడిగిన మొదటి ప్రశ్న: “మళ్లీ వస్తుందా?”

“వస్తుంది తామో, సూది పంచుకుంటే. ఇది టీకా కాదు.”

హెపటైటిస్ సికి టీకా ఇప్పటికీ లేదు. ఒకసారి నయమైతే రక్షణ మిగలదు. కాబట్టి కొత్త సూదులు పంచడం, హెరాయిన్ బదులు నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ రోజూ ఇవ్వడం, ఇవి కూడా ఈ చికిత్సలో భాగమే. బుప్రెనార్ఫిన్ మీద అతను ఆరేళ్లుగా నిలబడ్డాడు. భార్యకు పరీక్ష చేయించాడు, ఆమెకు రెండూ లేవు. ఆ ఏడాది నుంచే తన ఊళ్లో కుర్రాళ్లకు సూదుల పొట్లాలు పంచే పనిలో చేరాడు.

2020 తరవాత డోలుటెగ్రవిర్ మన కార్యక్రమంలోకి వచ్చింది. దాన్ని తట్టుకోవడం వైరస్‌కు చాలా కష్టం, అప్పుడప్పుడు పూట తప్పినా సులువుగా లొంగదు. కానీ ఎంత గట్టి మందైనా డబ్బాలో ఉంటేనే పనిచేస్తుంది. 2022 జూలైలో ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) కార్యాలయం ముందు, మందులు దొరకడం లేదంటూ హెచ్‌ఐవీతో బతుకుతున్నవారు వారాల తరబడి బైఠాయించారు.

2023 మే 3న కొండవాళ్లకూ లోయవాళ్లకూ మధ్య హింసతో మణిపూర్ మండింది. సుమారు 60 వేల మంది ఇళ్లు వదిలారు. అతను మొదట్లో మీ పక్కన కూర్చుని వెళ్లిన ఆ అరవై కిలోమీటర్ల దారి నడిమధ్యన బంకర్లు లేచాయి. కొండవాళ్లు లోయలోకి, లోయవాళ్లు కొండల్లోకి పోలేరు. పెద్దాసుపత్రులు లోయలో ఉన్నాయి. చురాచాంద్‌పూర్ నుంచి పెద్ద వైద్యం కావాలంటే ఘాట్ రోడ్డు మీద మిజోరం వైపు, ఐజాల్ దాకా, పగలూ రాత్రీ ప్రయాణం.

సహాయ శిబిరంలోకి రండి. బడి గదుల్లో చాపలు పరిచారు. అతను నోటు పుస్తకం పట్టుకుని ఒక్కొక్కరి దగ్గర వంగి, చెవి దగ్గర మాట్లాడుతున్నాడు. రాత్రికి రాత్రి పారిపోయి వచ్చినవాళ్లు. డబ్బాలు ఇంట్లోనే కాలిపోయాయి. మందు పేరు ఎవరికీ తెలియదు, చికిత్స పుస్తకాలు లేవు. అతనికి పేర్లు అక్కర్లేదు.

“రోజుకు ఒకటా, రెండు పూటలా? తిన్నాక వేసుకొమ్మన్నారా? కళ్లు ఎప్పుడైనా పచ్చబడ్డాయా?”

పచ్చబడ్డాయని ఒకామె తలూపింది. అతను అటాజనవిర్ అని రాసుకున్నాడు. క్షయ మందు కూడా వాడుతున్నానని ఒక కుర్రాడు చెప్పాడు. అయితే డోలుటెగ్రవిర్ రెండు పూటలా పడాలి, పక్కన గీత గీశాడు. ఇంకొకడు కాలేయం మందు అయిదో వారంలో ఉన్నాడు, జేబులో నాలుగు మాత్రలు మిగిలాయి. అతని పేరు పై వరసలో రాశాడు. మెట్ల మీదికి వచ్చి, సిగ్నల్ దొరికేదాకా అటూ ఇటూ తిరిగి, జిల్లా ఆసుపత్రికి ఫోను చేశాడు. పదిహేడు మందని చెప్పి, ముందుగా ఎవరికి పంపాలో వరసగా చదువుతున్నాడు.